గజ్జె విప్పి పెన్ను పట్టాలంటే: కూచిపూడి డ్యాన్సర్ నృత్య దర్శకత్వంలోకి వెళ్లే దారి

రంగప్రవేశం (తొలి సొంత ప్రదర్శన) అయి నాలుగైదేళ్లయింది. గురువుగారి బ్యాలేల్లో ముందు వరసలో ఆడుతున్నారు. "ఇక నువ్వే ఏదన్నా కంపోజ్ చెయ్యొచ్చుగా" అని చుట్టూ ఉన్నవాళ్లు అనడం మొదలెడతారు. బాగా ఆడేవాళ్లకు కూర్చడం దానంతట అదే వస్తుందనుకోవడం ఇక్కడ జరిగే మొదటి పొరపాటు. ఆడటం ఒంటితో చేసే పని, కూర్చడం లెక్క పని. కాలం, చోటు, మనుషులు, చివరికి డబ్బు, అన్నిటికీ లెక్క కావాలి. ఆ లెక్క నోటితో కాకుండా కాగితం మీద ఉండాలి. రేపు కళాకారుల తరఫున ఒక ఆఫీసు గుమ్మం ఎక్కితే చేతిలో ఉండాల్సింది కూడా ఆ కాగితాలే.

ఈ దారికి మూడేళ్లు పెట్టుకోండి. మొదటి ఏడాది తాళం, రెండో ఏడాది ఒక చిన్న గ్రూప్ ఐటం, మూడో ఏడాది దాన్ని నాలుగు ఊళ్లు తిప్పడం. నృత్యనాటకం ఆ తర్వాత.

1. ముందు తాళాలు పట్టుకోండి

పాత కూచిపూడి మేళంలో (ఆట ఆడే బృందంలో) ఈ పనంతా సూత్రధారుడిదే. చేత తాళాలు, నోట సొల్లు ("తదిగిణతొం" లాంటి తాళపు మాటలు), మధ్యమధ్య పాత్రతో మాటలు. రాత్రంతా ఆటను నడిపేది ఆయనే. నృత్య దర్శకుడికి కరపత్రం మీద ప్రత్యేకంగా ఒక వరస రావడం తర్వాతి సంగతి. వెంపటి చినసత్యం గారు 1963లో మద్రాసులో కూచిపూడి ఆర్ట్ అకాడమీ పెట్టి, వీధిలో తెల్లవార్లూ సాగిన ఆటను హాల్లో ఆడే నృత్యనాటకంగా మలిచాక ఆ పదవికి ఒక రూపం వచ్చింది. అందుకే కొరియోగ్రఫీ నేర్చుకోవడానికి మొదటి బడి నట్టువాంగమే, అంటే తాళాలు వేస్తూ సొల్లు చెప్పి డ్యాన్సర్లను నడిపించడం.

వారానికి రెండు రోజులు, ఒక ఏడాది పాటు, గురువుగారి జూనియర్ క్లాసుకు నట్టువాంగం చెయ్యండి. ఇంట్లో మెట్రోనోమ్ (లెక్కగా దెబ్బలు వినిపించే) యాప్ నిమిషానికి 60 దెబ్బల దగ్గర పెట్టుకుని ఆదితాళం (ఎనిమిది దెబ్బల తాళం) వేస్తూ ఒకే సొల్లును మూడు కాలాల్లో (ఒకటి, రెండు, నాలుగు రెట్ల వేగాల్లో) చెప్పండి. అది కుదిరాక చేతి తాళం మార్చకుండా నోట గతి, అంటే దెబ్బకు పడే అక్షరాల లెక్క, మార్చండి: తిశ్రం (మూడు), ఖండం (ఐదు), మిశ్రం (ఏడు). చెయ్యి నోటి వెంట పరుగెత్తిందంటే ఇంకా కుదరలేదన్నమాట.

పరుగెత్తామో లేదో చెవికి తెలియదు, ఫోనుకు తెలుస్తుంది. మెట్రోనోమ్ లేకుండా ఐదు నిమిషాల నట్టువాంగం రికార్డు చేసి, మొదటి పది ఆవర్తనాలకూ (తాళం ఒక చుట్టు తిరిగితే ఒక ఆవర్తనం) చివరి పది ఆవర్తనాలకూ పట్టిన సమయం చూడండి. నిమిషానికి 72 దెబ్బల వేగంలో ఆదితాళం పది ఆవర్తనాలకు 66, 67 సెకన్లు పడుతుంది. చివరి పదికి 63 సెకన్లే పడితే మీరు పరుగెత్తారు. డ్యాన్సర్లు అరమండి (మోకాళ్లు వంచి సగం కూర్చున్న భంగిమ) లేపేసి నిలబడి ఆడుతున్నారంటే చాలాసార్లు తప్పు వాళ్లది కాదు. కూర్చునే వ్యవధి ఇవ్వని నట్టువాంగానిది.

2. నోట్‌బుక్: ఇక్కడ తొందరపడకండి

వీడియో తీసుకున్నాం కదా, రాయడం ఎందుకు అంటారు. వీడియోలో ఆ రోజు ఎవరు తప్పు వేశారో, ఏది మీరు అనుకున్నదో తేడా తెలియదు. పక్క నుంచి తీస్తే వరసల మధ్య దూరం తెలియదు. రెండూ ఉంచుకోండి. అసలు ప్రతి మాత్రం పుస్తకమే.

పొడుగు పుస్తకం అడ్డంగా తిప్పి పేజీని ఎనిమిది నిలువు గళ్లు చెయ్యండి, గడికొక దెబ్బ. ఆదితాళం చతురశ్ర గతిలో గడికి నాలుగు అక్షరాలు, ఆవర్తనానికి 32. ఒక్కో ఆవర్తనానికి ఐదు వరసలు కావాలి: సొల్లు లేదా సాహిత్యం, కాలు, చెయ్యి, చూపు, స్టేజి మీద చోటు. ఎడమ అంచున ఆవర్తనం నంబరు. ఈ నంబరే తర్వాత లైట్లాయనకూ, మ్యూజిక్ వాళ్లకూ, మీకూ ఉమ్మడి భాష.

ఒక ముక్తాయి (ముగింపుగా మూడుసార్లు చెప్పే సొల్లు) లెక్క చూద్దాం. "త ది గి ణ తొం" ఐదు అక్షరాలు. దాన్ని మూడుసార్లు చెప్పి మధ్యలో రెండేసి అక్షరాలు ఆగితే 5+2+5+2+5, మొత్తం 19. ఆవర్తనం లోపలే ముగించి, పాట సమం (ఆవర్తనం మొదటి దెబ్బ) మీద ఎత్తుకోవాలంటే 32 నుంచి 19 తీసెయ్యండి. 13 అక్షరాలు గడిచాక ముక్తాయి మొదలెట్టాలి. అలా కాకుండా చివరి "తొం" సరిగ్గా సమం మీద పడాలంటే ఒక్క అక్షరం ఆలస్యంగా, 14 గడిచాక ఎత్తుకోవాలి. రెండూ తాళానికి ఒప్పే లెక్కలే. మొదటిదానిలో డ్యాన్సర్ ఆగాక పాట వస్తుంది, కాబట్టి భంగిమ ఒక్క క్షణం నిలిచి కనిపిస్తుంది. రెండోదానిలో పాదమూ పల్లవీ ఒకే చోట పడతాయి, హాల్లో చప్పట్లు అక్కడే లేస్తాయి. ఏది కావాలో ముందే తేల్చుకుని పుస్తకంలో రాయండి. ఇది రాయకపోతే మృదంగం ఆయన ఒకటి అనుకుంటారు, నట్టువాంగం మరొకటి పలుకుతుంది, నలుగురు డ్యాన్సర్లలో ఇద్దరు ఒక అక్షరం ముందు ఆగుతారు.

ఇదే పుస్తకం నిడివి కూడా చెబుతుంది. 72 వేగంలో 12 నిమిషాలంటే 108 ఆవర్తనాలు. రికార్డింగ్‌లో వేగం 76కు జారితే అవే 108 ఆవర్తనాలు 38 సెకన్ల ముందు అయిపోతాయి. ఆ 38 సెకన్లు ఎవరి ఊపిరిలోంచి పోతాయో చెప్పక్కర్లేదు.

3. ఏం చెయ్యాలి, ఎవరిని అడగాలి

మొదటి పని 10 నుంచి 12 నిమిషాలు, నలుగురు డ్యాన్సర్లు. అంతకు మించొద్దు. రామాయణం మొత్తం నలభై నిమిషాల్లో చెప్పాలని కూర్చున్నవాళ్లు చివరికి వేషాలు మార్చుకోవడం మాత్రమే చూపిస్తారు. ఒక సందర్భం చాలు. భామాకలాపంలో సత్యభామ జడ విసరడానికి ముందు క్షణం, రాయబారం నుంచి తిరిగొస్తున్న మనిషి నడక, ఊరి చెరువు గట్టున నీళ్ల కోసం నిలబడ్డ వరస, ఇలాంటివి.

సాహిత్యం ఎంచుకోగానే హక్కుల సంగతి చూడాలి. మనవాళ్లు ఎక్కువగా తప్పటడుగు వేసేది ఇక్కడే. అన్నమయ్య (1408–1503) కీర్తన మాటలు అందరివీ. బాణీ మాత్రం అందరిదీ కాకపోవచ్చు. తిరుమల రాగిరేకుల మీద సాహిత్యమూ రాగం పేరూ ఉన్నాయి, స్వరం లేదు. కాబట్టి ఇప్పుడు మనం పాడుకునే బాణీలు చాలావరకు గత శతాబ్దంలో కట్టినవి. మన చట్టంలో స్వరకర్త కాలం చేశాక ఇంకో 60 ఏళ్లు హక్కు ఉంటుంది. ఉదాహరణకు రాళ్లపల్లి అనంతకృష్ణశర్మ గారు 1979లో పోయారు. ఆయన కట్టిన బాణీల మీద హక్కు 2039 చివరి దాకా నడుస్తుంది. రాసిచ్చిన అనుమతి లేకుండా ఆ బాణీతో వీడియో పెడితే అది ఎప్పుడైనా కిందకు దిగొచ్చు. కొత్త బాణీ కట్టిస్తే బాణీ కట్టినవారితో ఒక పేజీ ఒప్పందం రాసుకోండి: ఎన్ని ప్రదర్శనలకు, వీడియోకు ఉందా లేదా, పేరు ఎక్కడ వేస్తారు. క్యాసెట్ కాలం నాటి పాట రికార్డును ఎడిట్ చేసి వాడుకోవడం ఇంకా పెద్ద తలనొప్పి. అందులో బాణీతో పాటు ఆ రికార్డింగ్ మీద కూడా విడిగా హక్కు ఉంటుంది.

గురువుగారు కూర్చిన అంశాన్ని అటూ ఇటూ మార్చి మీ పేరు వేసుకోవద్దు. పునర్‌నిర్మాణం అయితే ఆ మాటే కరపత్రంలో వేసి, పక్కన ఆయన పేరు ముందు వెయ్యండి. అడవులు (నృత్యంలోని మూల అడుగులు), పేరున్న పాత జతులు (సొల్లుల వరసలు) ఎవరి సొంతమూ కావు. వాటిని ఏ వరసలో పేర్చారు, ఏ చోట నిలిపారు అన్నది మాత్రం మీది.

4. చోటు లెక్క

కూచిపూడిలో ఒక మనిషి చేతులు చాచి తిరగడానికి ఆరడుగుల చదరం కావాలి. 30 అడుగుల వెడల్పు, 20 అడుగుల లోతున్న స్టేజిలో వింగుల (పక్క తెరల) దగ్గర మూడేసి అడుగులు పోతే 24 అడుగులు మిగులుతాయి. నలుగురు ఒకే వరసలో సరిగ్గా సరిపోతారు, ఐదో మనిషి పట్టదు. ఆరుగురైతే రెండు వరసలు వెయ్యండి, వెనక వరస ముందు వరస సందుల్లోంచి కనపడాలి.

ప్రవేశాలకు కూడా లెక్క ఉంది. వింగు నుంచి మధ్యకు 15 అడుగులు. రెండడుగుల పొడవు కన్నా తక్కువ అంగలు వేస్తూ దెబ్బకొకటి చొప్పున ఎనిమిది అంగలు, అంటే ఒక ఆవర్తనం. దరువు (పాత్ర పాట) మొదటి పాదానికి ముందు ఒక ఆవర్తనం ఖాళీ లేకపోతే పాత్ర పరుగెత్తుకుంటూ వస్తుంది. ప్రవేశ దరువులో పాత్ర నడకే సగం పరిచయం. దాన్ని పరుగుగా మార్చకండి.

రిహార్సల్ హాలు స్టేజి కన్నా చిన్నదైతే వచ్చే గొడవ ఇది. 20 అడుగుల గదిలో అలవాటైన వరసలు 30 అడుగుల స్టేజి మీద దారి తప్పిన పిల్లల్లా మధ్యలోనే గుమిగూడతాయి. అడుగుల సంఖ్య అదే, దూరం ఒకటిన్నర రెట్లు. స్కూలు ఆవరణలోనో ఫంక్షన్ హాల్లోనో అసలు కొలతలకు టేపు వేసి కనీసం నాలుగు రిహార్సళ్లు చెయ్యండి. స్టేజి ముందంచున మధ్యలో ఒక గుర్తు, అటూ ఇటూ నాలుగడుగులకొకటి చొప్పున చిన్న టేపు ముక్కలు. డ్యాన్సర్లు కిందికి చూడకూడదు, ఓరకంటికి అందేలా ఉండాలి.

గ్రూపులో అభినయం (భావం చూపడం) దగ్గర సులువు దారి నలుగురూ ఒకే హస్తం ఒకేసారి పట్టడం. అది డ్రిల్లులా ఉంటుంది. నాలుగు ఆవర్తనాల సంచారిని (పాటలో ఒక మాటను విస్తరించి చూపే అభినయాన్ని) ఇలా పంచి చూడండి: ఒకరు పాత్ర, ఒకరు ఆ పాత్ర తలుచుకుంటున్న మనిషి, మిగతా ఇద్దరూ చోటు, అంటే చెట్టో గుమ్మమో నది గట్టో. రెండో సారి పాడినప్పుడు పాత్రలు మార్చండి. నృత్తం (కథ లేని శుద్ధ నాట్యం) వచ్చేసరికి నలుగురూ ఒక్కటవుతారు. ఆ కలవడం అప్పుడే కంటికి ఆనుతుంది, అప్పటిదాకా విడిగా ఉన్నారు కాబట్టి.

5. రిహార్సల్

12 నిమిషాల పనికి ఎనిమిది వారాలు, వారానికి మూడు రోజులు, రోజుకు రెండు గంటలు. మొత్తం 48 గంటలు, నిమిషానికి నాలుగు గంటలు. అభినయాన్ని చివరి వారానికి నెట్టొద్దు, అది నానాలి. రెండో వారంలోనే మొదలెట్టి, ఆరో వారం తర్వాత కొత్త అడుగు ఏదీ చేర్చకూడదని మీకు మీరే ఒట్టు పెట్టుకోండి.

నేల గురించి మన స్కూళ్లు పట్టించుకోవు. గ్రానైట్, టైల్స్, సిమెంటు మీద రోజుకు రెండు గంటలు తట్టితే మోకాళ్లూ ముంగాలి ఎముకా ఊరుకోవు. చెక్క నేల వెయ్యలేకపోతే కింద రబ్బరు మ్యాట్, పైన 12 మిల్లీమీటర్ల ప్లైవుడ్ రెండు పొరలు, అతుకులు ఒకదాని మీద ఒకటి పడకుండా వేయించండి. ముంగాలి మీద వేలితో చూపించగలిగేంత చిన్న చోట నొప్పి, రాత్రి పడుకున్నా పోకుండా ఉంటే కట్టు కట్టి ఆడించడం తప్పు. ఎముకలో సన్నటి పగులు కావొచ్చు. ఆట ఆపి డాక్టర్‌కు చూపించాలి.

డ్యాన్సర్లు రిహార్సల్‌లో సొంతంగా ఇచ్చిన అడుగు మీరు ఉంచుకుంటే పుస్తకంలో ఆ గడి పక్కన వాళ్ల పేరు పొడి అక్షరాల్లో రాయండి. కరపత్రంలో "నృత్య సహకారం" అని వేసే రోజున ఎవరి పేరు వెయ్యాలో గుర్తు తెచ్చుకోనక్కర్లేదు.

6. మ్యూజిక్

లైవ్ ఆర్కెస్ట్రాకు సాటి లేదు. గాత్రం, నట్టువాంగం, మృదంగం, వయొలిన్, వేణువు, అందరినీ నాలుగు ఊళ్లు తిప్పే స్తోమత మాత్రం మొదటి పనికి ఉండదు, కాబట్టి రికార్డింగే. స్టూడియోకు వెళ్లే ముందు మెట్రోనోమ్ మీద మీరు పాడి, సొల్లు చెప్పి ఒక గైడ్ ట్రాక్ చేసుకోండి, నలుగురు డ్యాన్సర్లూ దాని మీద రెండుసార్లు పూర్తిగా ఆడాకే బుక్ చెయ్యండి. ముందు మ్యూజిక్ చేయించి తర్వాత డ్యాన్స్ కూరిస్తే పాటకు అడుగులు అతికించినట్టే ఉంటుంది.

స్టూడియోలో మూడు అడగండి. గాత్రం, నట్టువాంగం, మృదంగం విడివిడి ట్రాకులుగా ఇవ్వమనండి. ఏదో ఊళ్లో గాయకులు దొరికితే గాత్రం తీసేసి మిగతాది వాడుకోవచ్చు. మొదట రెండు సెకన్ల నిశ్శబ్దం ఉంచమనండి. నట్టువాంగాన్ని ఇంట్లో వినడానికి బాగున్న దాని కన్నా ఒక పిసరు పైకి పెట్టించండి, గజ్జెల మోతలో స్టేజి మీద వినపడేది అదే. ఒక వేవ్ ఫైలు, ఒక ఎంపీత్రీ, రెండు పెన్ డ్రైవుల్లో. కొన్ని హాళ్ల ప్లేయర్లు 24 బిట్ వేవ్ చదవవు, అందుకని వేవ్ 16 బిట్‌లో తీసుకోండి.

7. హాలు రోజు

రవీంద్రభారతి అయినా తుమ్మలపల్లి కళాక్షేత్రం అయినా చిన్న ఊరి కల్యాణ మండపం అయినా పద్ధతి ఒక్కటే. లైట్లాయన చేతిలో ఒక్క పేజీ క్యూ షీటు పెట్టాలి. మూడు గళ్లు: ఆవర్తనం నంబరుతో పాటు నిమిషాలూ సెకన్లూ, స్టేజి మీద ఏం జరుగుతుంది, లైటు ఏం కావాలి. 12 నిమిషాలకు ఎనిమిది పది క్యూలు దాటితే ఎవరూ అందుకోలేరు. అభినయానికి ఎదురుగా పై నుంచి వెచ్చని తెలుపు ఉంచండి. ముఖం మీద ఎరుపు, ఆకుపచ్చ వేశారంటే మేకప్ చచ్చిపోతుంది, కళ్లు గుంటలుగా కనిపిస్తాయి. రంగు కావాలంటే వెనక తెర మీద వేయించుకోండి. నృత్తానికి పక్క వింగుల నుంచి నడుం ఎత్తులో లైటు పడితే అరమండి గీత స్పష్టంగా తేలుతుంది. "రంగులు మారుస్తూ ఉంటా మేడమ్" అనే ఆయన ప్రతి ఊళ్లోనూ ఉంటాడు. మర్యాదగా, ముందుగా వద్దనండి.

ముఖ్య అతిథుల ప్రసంగాలు మీ లైట్ల రిహార్సల్‌ను తినేస్తాయి. ఒప్పంద పత్రంలోనే "ప్రదర్శనకు ముందు తెర మూసి 45 నిమిషాలు" అని రాయించుకుంటే గొడవ ఉండదు.

8. డబ్బు, కాగితం

బడ్జెట్‌లో మొదటి వరస డ్యాన్సర్ల పారితోషికం. మనవాళ్లు హాలు, ఆహార్యం, మేకప్, వీడియో అన్నీ వేశాక మిగిలితే ఇద్దామనుకుంటారు, మిగలదు. ఆ తర్వాత మ్యూజిక్, ప్రయాణం, భోజనం, లైట్లు, సౌండు, చివర పది శాతం ఊహించని ఖర్చు. శాలువా, మెమెంటో ఆదాయం వైపు రాయకండి, అవి బీరువా నింపుతాయి తప్ప బస్సు టికెట్ కొనవు.

పిలిచినవాళ్లతో ఒక పేజీ ఒప్పందం తప్పనిసరి: తేదీ, నిడివి, ఎంతమంది, మొత్తం, సగం అడ్వాన్స్, ప్రయాణం ఎవరిది, స్టేజి కొలత, వీడియో తీస్తే ఎక్కడ వాడతారు, కరపత్రంలో ఎవరి పేర్లు ఏ వరసలో, రద్దయితే ఏం చేస్తారు. వాట్సాప్‌లో "ఓకే అండీ" ఒప్పందం కాదు.

శాస్త్రీయ, జానపద ప్రదర్శనకు కళాకారులు తీసుకునే మొత్తం 1,50,000 రూపాయలు దాటకపోతే జీఎస్టీ లేదు. సినిమా డ్యాన్స్, బ్రాండ్ ప్రచారం ఈ మినహాయింపులోకి రావు. సంస్థలు పది శాతం టీడీఎస్ (ముందుగా పట్టుకునే ఆదాయపు పన్ను) కోసుకుని ఇస్తుంటాయి. అది పోయిన డబ్బు కాదు, రిటర్న్ వేస్తే లెక్కలోకి వస్తుంది. చాలామంది వెయ్యరు.

మన కాపీరైట్ చట్టంలో నృత్యరచన నాటక రచన కిందకు వస్తుంది. షరతు ఒక్కటే, అది రాతలోనో మరో రూపంలోనో స్థిరపడి ఉండాలి. మనసులో ఉన్నదానికీ శిష్యుల ఒంట్లో ఉన్నదానికీ హక్కు లేదు. ఎనిమిది గళ్ల పుస్తకం ఇక్కడ పనికొస్తుంది. రిజిస్ట్రేషన్ తప్పనిసరి కాదు. చేయించుకుంటే నాటక రచనకు రుసుము 500 రూపాయలు, దరఖాస్తుతో నొటేషన్ ప్రతి ఇవ్వాలి.

అమెరికా తెలుగు సంఘం పిలిచి డబ్బిచ్చి ఆడిస్తుంటే టూరిస్టు వీసా మీద వెళ్లొద్దు. సంప్రదాయ కళాకారులకు పీ-3 అనే వీసా ఉంది, దానికి అక్కడి సంస్థే పిటిషన్ వెయ్యాలి. కాబట్టి ఆహ్వానం నెలల ముందే ఖరారు కావాలి.

9. సంస్థ పెట్టాలా?

వెంటనే అక్కర్లేదు. ఒంటరిగా అందుకోగలిగినవి కొన్ని ఉన్నాయి. కేంద్ర సాంస్కృతిక శాఖ 18–25 ఏళ్ల వారికి యువ కళాకారుల స్కాలర్‌షిప్ ఇస్తుంది, నెలకు 5,000 చొప్పున రెండేళ్లు. 25–40 మధ్య జూనియర్ ఫెలోషిప్ నెలకు 10,000, 40 దాటాక సీనియర్ 20,000, ఇవీ రెండేళ్లే. ఫెలోషిప్ పరిశోధనకు ఇస్తారు, ప్రదర్శనకు కాదు. ప్రతిపాదనలో "కళకు సేవ చేయాలని" అని రాస్తే పక్కన పెడతారు. "ఫలానా మండలంలో మిగిలిన గొల్లకలాపం దరువులు, రెండేళ్లలో ఇన్ని రికార్డు చేసి నొటేషన్ రాస్తాను" అని రాయండి.

గ్రాంట్లకు సంస్థ కావాలి. ఏపీ, తెలంగాణ రెండింట్లోనూ 2001 సొసైటీల చట్టం కింద కనీసం ఏడుగురు సభ్యులతో జిల్లా రిజిస్ట్రార్ దగ్గర నమోదు చెయ్యాలి. తర్వాత పాన్, బ్యాంకు ఖాతా, ఎన్జీవో దర్పణ్ (స్వచ్ఛంద సంస్థల ప్రభుత్వ పోర్టల్) నంబరు. కేంద్ర పథకాలకు సాధారణంగా మూడేళ్ల ఆడిట్ లెక్కలు అడుగుతారు, కాబట్టి మొదటి ఏడాది నుంచే ఆడిట్ చేయించండి. విదేశీయుల నుంచి, విదేశీ సంస్థల నుంచి విరాళం ఒక్క డాలరు వచ్చినా ఎఫ్‌సీఆర్ఏ (విదేశీ విరాళాల చట్టం) అనుమతి ఉండాలి. ఏడుగురిలో ఐదుగురు ఒకే ఇంటివాళ్లయితే గ్రాంట్ కమిటీ మొహం ముడుస్తుంది.

18 ఏళ్ల లోపు పిల్లలు ఉన్న ప్రతి డ్యాన్స్ స్కూలుకూ పోక్సో చట్టం (పిల్లలపై లైంగిక నేరాల చట్టం) వర్తిస్తుంది, తెలిసీ ఫిర్యాదు చెయ్యకపోవడమే నేరం. పది మంది పనిచేసే చోట లైంగిక వేధింపుల ఫిర్యాదులకు అంతర్గత కమిటీ ఉండాలి, అంతకు తక్కువైతే జిల్లా స్థానిక కమిటీ చూస్తుంది. ఆ వివరాలు గోడ మీద అంటించండి. "గురుకులం కదా" అనే మాట ఇక్కడ చెల్లదు.

10. కళ తరఫున మాట్లాడటం

సభలో కళ గొప్పదనం చెప్పడం ఒక ఎత్తు, ఒక పని జరిగేలా అడగడం ఇంకో ఎత్తు. 1958లో ఢిల్లీ నృత్య సదస్సులో కూచిపూడి శాస్త్రీయమా కాదా అని పేచీ వచ్చినప్పుడు మనవాళ్లు ఆవేశపడి ఊరుకోలేదు. మరుసటి ఏడాది హైదరాబాద్‌లో ఆంధ్రప్రదేశ్ సంగీత నాటక అకాడమీ సదస్సు పెట్టింది. గురువులు వచ్చి శాస్త్రాన్ని ఆడి చూపించారు, పండితులు గ్రంథాల నుంచి ఆధారాలు చెప్పారు. నటరాజ రామకృష్ణ గారు పేరిణిని (కాకతీయుల కాలపు వీర నృత్యాన్ని) నిలబెట్టింది కూడా జాయప సేనాని 13వ శతాబ్దపు గ్రంథమూ రామప్ప గుడి శిల్పాలూ ఎదురుగా పెట్టుకునే. లోకం వదిలేసిన కలావంతుల (తరతరాలుగా నృత్యమే వృత్తిగా ఉన్న స్త్రీల) దగ్గరకు వెళ్లి నేర్చుకుని, వాళ్ల ఆటను మళ్లీ వేదిక మీదకు తెచ్చారు. మనం ఇవాళ ఆడే పదాలూ జావళీలూ ఎవరి గొంతుల్లో బతికి ఇక్కడికి చేరాయో కరపత్రంలో రెండు వాక్యాలు రాయడం కూడా ఈ పనిలో భాగమే.

మీ పని చిన్న కొలతలో మొదలెట్టండి. అడిగేది ఒకటే, ఆఫీసు ఒకటే, గడువు ఒకటే. జిల్లా ఉత్సవాల్లో డ్యాన్సర్లకు ఎంత ఇస్తున్నారో తెలియాలనుకుందాం. సమాచార హక్కు దరఖాస్తుకు రుసుము 10 రూపాయలు, ఏపీలో మండల స్థాయి అయితే 5, గ్రామ స్థాయిలో ఉచితం, జవాబుకు గడువు 30 రోజులు. "కళాకారులకు ఎందుకు తక్కువ ఇస్తున్నారు" అని అడిగితే జవాబు రాదు, ఎందుకు అన్నది సమాచారం కాదు. ఇలా అడగండి: "గత మూడు ఆర్థిక సంవత్సరాల్లో జిల్లాలో మీ శాఖ జరిపిన ప్రతి సాంస్కృతిక కార్యక్రమానికి తేదీ, బృందం పేరు, కళాకారుల సంఖ్య, చెల్లించిన మొత్తం, చెల్లించిన తేదీ ఉన్న జాబితా నకలు ఇవ్వగలరు." చివరి గడి మర్చిపోవద్దు. కార్యక్రమం తేదీకీ చెల్లింపు తేదీకీ మధ్య ఎన్ని నెలలో లెక్క కట్టగానే మీ వినతిపత్రం సగం తయారైనట్టే.

ఆ వినతిపత్రం ఒక్క పేజీ దాటకూడదు. పైన ఏం కావాలో ఒక వాక్యం: "ప్రదర్శన జరిగిన 30 రోజుల్లో చెల్లింపు." మధ్యలో ఆ జాబితా నుంచి తీసిన ఐదు వరసల పట్టిక. కింద సంతకాలు: డ్యాన్సర్లవే కాదు, మృదంగం ఆయనవి, మేకప్ ఆయనవి, డప్పు బృందానివి, బుర్రకథ వాళ్లవి. భాషా సాంస్కృతిక శాఖ డైరెక్టర్‌కు ఒక ప్రతి, కలెక్టర్‌కు ఒక ప్రతి, ఎమ్మెల్యేకు ఒక ప్రతి. మీ దగ్గర ఉంచుకునే నాలుగో ప్రతి మీద తపాలా సెక్షన్‌లో ముద్ర, తేదీ వేయించుకుని రండి.